బోణీ చెయ్యి

"ఆ అమ్మాయి చెయ్యి మంచిది కాదు. అందుకే కంప్యూటరు మొరాయిస్తోంది."

ఈ మాట అన్నది అక్షరం ముక్క రాని మనిషి కాదు. డిగ్రీ చదివి, ఊరంతా పేరున్న పార్సిల్ సర్వీసు నడుపుతున్న యజమాని. విన్నది నేను, ఆయన కంప్యూటర్ విభాగానికి పెద్దని. పడ్డది నా దగ్గర పనిచేసే ఒక ప్రోగ్రామర్. రిటైరయ్యాక చాలా కోపాలు చల్లారాయి. ఈ ఒక్కటీ చల్లారలేదు. చల్లారకూడదనే నా అభిప్రాయం.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకు డేటాబేస్ నేర్పుతారు, జావా నేర్పుతారు, ఫ్రేమ్‌వర్క్ నేర్పుతారు. మీ పై కుర్చీలో కూర్చున్నవాడి బుర్రలో ఏముందో మాత్రం ఎవరూ నేర్పరు. అందుకే ఇది చెబుతున్నాను.

మా గోడౌను విజయవాడ ఆటోనగర్‌లో ఉండేది. కొండపల్లి బొమ్మల పెట్టెలు, పామర్రు వైపు వెళ్లే విత్తనాల బస్తాలు, మందుల అట్టపెట్టెలు, బట్టల బేళ్లు, అన్నీ అక్కడ దిగి, ఊళ్ల వారీగా విడిపోయి, మళ్లీ లారీలెక్కేవి. ఒక లారీలో వందల పార్సిళ్లు. లోడంతా కంప్యూటర్లోకి ఎక్కించి సేవ్ కొడితే ట్రిప్ షీటు ప్రింటవుతుంది. ఆ కాగితం చేతికొస్తేనే లారీ గేటు దాటాలి.

తొంభైల్లో ఈ పనికి పాత డాస్ ప్రోగ్రామొకటి ఉండేది. రెండువేలు దాటాక జావాలో కొత్తది రాయించారు. రాసినవాళ్లు హైదరాబాదు నుంచి వచ్చి, రాసేసి, వెళ్లిపోయారు. అందులో డేటాబేసుకీ ప్రోగ్రాముకీ మధ్య దుబాసీలాంటి ఫ్రేమ్‌వర్క్ ఒకటుంది. అదెంత హాయంటే, లారీ అనే వస్తువునొకదాన్ని తయారుచేసి, దాని కింద పార్సిళ్లన్నిటినీ పిల్లల్లా కట్టి, 'లారీని సేవ్ చెయ్' అని ఒక్క మాట చెబితే చాలు. తల్లి వెంట పిల్లలన్నీ వాటంతటవే డేటాబేసులోకి వెళ్లిపోతాయి. ఎలా వెళ్తాయో మనం చూడక్కర్లేదు. చూడక్కర్లేదు కాబట్టే ఎవరూ చూడలేదు.

మా యజమానికి పొద్దుటి బోణీ అంటే ప్రాణం. అందులో వింతేమీ లేదు. బెజవాడలో కొట్టు తెరిచిన ప్రతివాడూ మొదటి బేరం ఎవరి చేతి మీదుగా జరిగిందో చూసుకుంటాడు. మా ఆయన ఆ పట్టింపుని కంప్యూటరు దాకా తీసుకొచ్చాడు. మొదటి లారీ లోడు 'మంచి చెయ్యి' ఉన్నవాడే సేవ్ కొట్టాలి. దానికి ముందు, డేటాబేసు ఉండే సర్వర్ ఎదుట కొబ్బరికాయ. మానిటర్ నుదుట కుంకుమ. ఎంటర్ కీకి కూడా రోజూ బొట్టు పెట్టేవారు. ఆ కుంకుమ లోపల పేరుకుపోయి కీ నొక్కుకుపోతే, దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టారు. నేను కీబోర్డు విప్పి, దులిపి, మళ్లీ బిగించి, రాలిన కుంకుమని పొట్లంలో కట్టి, 'ఇదీ మీ దిష్టి' అని బల్ల మీద పెట్టాను. ఆయన నవ్వి, ఆ పొట్లాన్ని కళ్లకద్దుకున్నాడు.

ఒకరోజు సిద్ధాంతిగారిని గోడౌనుకి పిలిపించాడు. ఆయన దిక్సూచి పట్టుకుని అంతా తిరిగి, సర్వర్ నైరుతిలో ఉందని, అది నిప్పుతో నడిచే యంత్రం కాబట్టి ఆగ్నేయంలో ఉండి తీరాలని చెప్పాడు. గోడౌనుకి ఆగ్నేయంలో డ్రైవర్ల స్నానాల గది ఉంది. గవర్నరుపేటలోని హెడ్డాఫీసుకి మాత్రం ఆగ్నేయంలో గదొకటి ఖాళీగా ఉంది. ఇంకేం, సర్వర్ని అక్కడికి పంపించమన్నారు. గోడౌను నుంచి అక్కడికి టెలిఫోను వాళ్ల సన్నపాటి లైనొకటి వేయించారు.

"వద్దండీ," అన్నాను. "పని జరిగేది ఇక్కడ. యంత్రం అక్కడెందుకు?"

"మీకు దేవుడు లేడు, సరే," అన్నాడాయన. "నా సర్వర్‌కి ఉన్నాడు."

సర్వర్ వెళ్లిపోయింది. నేను చెబుతున్న ప్రోగ్రామర్ మా దగ్గర చేరింది సరిగ్గా అదే నెలలో.

ఆవిడది గుణదల. ఎంసీఏ చదివింది. ఇంటర్వ్యూలో యజమాని ఆవిడ నుదురు చూసి, దరఖాస్తులో పేరు చూసి, "క్రిస్టియన్లా అమ్మా? సరే, వాళ్లలో బొట్టుండదులే," అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. పనిలో చురుకు. మాటలో పదును. మేరీమాత ఉత్సవాలకి సెలవడిగినప్పుడు, "అంత మైకుల హోరులో మీ తల్లికి మీ ప్రార్థన వినబడుతుందా?" అని ఏడిపించాను.

"మీ హేతువాద సభలో మైకు తక్కువా సార్? మీకేమైనా వినబడుతోందా?" అంది.

సెలవిచ్చాను.

సర్వర్ ఊళ్లోకి వెళ్లిన దగ్గర్నుంచి సేవ్ కొడితే తెర బిగుసుకుపోవడం మొదలైంది. లోడు చిన్నదైతే డ్రైవరు టీ తాగొచ్చేవాడు. పెద్దదైతే భోజనం చేసొచ్చేవాడు. గేటు దగ్గర లారీలు వరసకట్టి రోడ్డు మీదకి వచ్చేశాయి. ట్రాఫిక్ పోలీసు వచ్చి తిట్టాడు. మందుల షాపులవాళ్లు ఫోన్లలో తిట్టారు. ఆ రోజుల్లోనే గోడౌను మేనేజరుకి ఎవరో ఒక కబురు చేరవేశారు: ఆ అమ్మాయి భర్త చనిపోయాడట.

నిజమే. మా దగ్గర చేరకముందే రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆవిడ దాచలేదు, ఎవరూ అడగలేదు, అంతే. నుదురు మొన్నా అదే, నిన్నా అదే. మొన్నటిదాకా అది వాళ్ల మతాచారం. కబురు తెలిసిన మర్నాటి నుంచి అపశకునం. మనిషిలో ఏమీ మారలేదు. చూసేవాడి బుర్రలో మాత్రమే మారింది. అయినా దండన ఆ మనిషికి. నూరేళ్లకు పైగా ఈ గడ్డ మీద సంస్కర్తలు గొంతు చించుకున్న విషయమిది. వాళ్ల విగ్రహాలకి ఏటా దండ వేసే చేతులే ఆవిడని కీబోర్డు దగ్గర్నుంచి లేపాయి. దండ వేసినవాళ్లలో మా యజమాని కూడా ఉన్నాడు, నేను పక్కనే ఉండి చూశాను.

అప్పుడే నన్ను పిలిచి, మొదట్లో చెప్పిన ఆ మాట అన్నాడు. దాని వెనకే, "నెలాఖరుకి పంపించెయ్యండి. గొడవేం వద్దు. నేను చెప్పానని చెప్పకండి," అన్నాడు.

"చెప్పే ధైర్యం లేని కారణంతో ఉద్యోగం తీస్తారా?"

"నాకు లారీలు కదలాలి. మీ ఉపన్యాసాలు కాదు."

ఆవిడ అప్పటికే కారణం వెతుకుతోంది. ఫ్రేమ్‌వర్క్ డేటాబేసుతో మాట్లాడే ప్రతి మాటనీ తెర మీద చూపించమనే వీలొకటి ఉంటుంది. ఆవిడ అది తెరిచి నన్ను పిలిచింది. తెర మీద వాక్యాలు కాలవలో నీళ్లలా పారుతున్నాయి.

"చూడండి సార్. ఒక్క లారీ సేవ్ చేశాను. ముందు ఒక పార్సిలుని పంపుతోంది. 'దీని నంబరెంత' అని డేటాబేసుని అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడుతోంది. వచ్చాక రెండోదాన్ని పంపుతోంది. అన్నీ అయ్యాక మళ్లీ ఒక్కొక్కదాని దగ్గరకీ వెళ్లి 'నువ్వు ఫలానా లారీ తాలూకు' అని విడిగా రాసొస్తోంది. సర్వర్ ఈ గదిలో ఉన్నన్నాళ్లూ ఈ తిరుగుడు తెలియలేదు. ఇప్పుడు ప్రతి పార్సిలుకీ గవర్నరుపేట వెళ్లి రావాలి. రెండేసి సార్లు."

హమాలీలు లారీ దింపేటప్పుడు వరసగా నిలబడి బస్తా చేతులు మారుస్తారు. అలా కాకుండా ఒకే హమాలీ ఒక్కో బస్తా మోసుకెళ్లి, ఆఫీసులో చీటీ రాయించుకుని, తిరిగొచ్చి రెండోది ఎత్తుకున్నాడనుకోండి. ఆ తర్వాత ఆ బస్తాలన్నిటి దగ్గరకీ మళ్లీ వెళ్లి ఏ లారీవో సుద్దతో రాశాడనుకోండి. మా ప్రోగ్రాము చేస్తున్నది అదే. దీనికి ఏ నిమ్మకాయ ఏం చేస్తుంది?

నేను యజమాని దగ్గరకెళ్లి సవాలు విసిరాను. వాదం చేసేవాడికి మా గురువులు నేర్పిన మొదటి పాఠం, నోటితో గెలవకు, పరీక్ష పెట్టు అని. "సిద్ధాంతిగారిని కూడా పిలవండి. అందరి ముందూ చూద్దాం. తేలేదాకా ఆవిడ జోలికి రావద్దు," అన్నాను. ఆయనకీ పంతం వచ్చింది. సరేనన్నాడు.

గోడౌనులోనే ఇంకో కంప్యూటర్లో డేటాబేసుకి నకలు పెట్టాం. ఒకే లారీ, ఒకే లోడు. మొదట ఆవిడ ఆ నకలు మీద సేవ్ కొట్టింది. ప్రింటరు చటుక్కున కాగితం కక్కింది. తర్వాత అదే లోడుని గవర్నరుపేట సర్వర్ మీద సేవ్ కొట్టమని యజమానినే కూర్చోబెట్టాను. "మీకంటే మంచి చెయ్యి ఈ గోడౌనులో ఉందాండీ?" అన్నాను. ఆయన దణ్ణం పెట్టుకుని, బొటనవేలితో నొక్కాడు. తెర బిగుసుకుపోయింది. మేమంతా నిలబడే ఉన్నాం. సిద్ధాంతిగారు విసనకర్ర అడిగారు. ట్రిప్ షీటు కోసం గుమ్మంలో కాచుకున్న డ్రైవరొకడు చివరికి, "ఓనరుగారూ, మీ చెయ్యి కూడా అంతేనండీ," అన్నాడు. నవ్వాపుకోలేక మేనేజరు బయటికి పోయాడు.

అక్కడితో తేలిపోయిందనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి.

సిద్ధాంతిగారు గొంతు సవరించుకుని, "ఆ అమ్మాయి చెయ్యి పడ్డా ఇక్కడి నకలు నడిచిందంటే అది ఈ గోడౌను స్థలబలం. యజమాని చెయ్యి పడ్డా గవర్నరుపేటది నడవలేదంటే ఆ అమ్మాయి దోషం సర్వర్‌ని ఇంకా వదల్లేదని. శాంతి చెయ్యాలి," అన్నాడు.

"అయ్యా," అన్నాను, "ఏం జరిగితే మీ మాట తప్పని మీరు ఒప్పుకుంటారో అది ముందు చెప్పండి."

"శాస్త్రం తప్పడమనేది ఉండదండి."

"తప్పే వీలే లేనిదాన్ని శాస్త్రమనరండి."

యజమాని మధ్యలోకొచ్చాడు. శుక్రవారం పొద్దున సర్వర్ గదిలో హోమమన్నాడు. నెలాఖరు మాటలో మార్పు లేదన్నాడు.

నేను రాజీనామా రాయడానికి కాగితం తీశాను. సర్వర్ని గోడౌనుకి తిరిగి తేవాలి, లేదా నేను పోవాలి. ఆవిడ కాగితం లాగేసుకుంది.

"సర్వర్ వెనక్కొస్తే ఆయన ఓడినట్టు సార్. ఆయన ఓడరు. ముందు నన్ను పంపిస్తారు, తర్వాత మిమ్మల్ని. ప్రోగ్రాం మారిస్తే ఎవరూ ఓడక్కర్లేదు. లారీ కదుల్తుంది."

"అంటే ఆ మూర్ఖత్వాన్ని ఒప్పుకుంటావా?"

"సర్వర్ ఎక్కడున్నా ఈ ప్రోగ్రాం రాత తప్పే కదండీ? పక్కగదిలో ఉందని తప్పు ఒప్పవుతుందా?" అంది. "నా ఇల్లు నా ఒక్కదాని జీతం మీద నడుస్తోంది. మీకు వాదం మిగిలితే చాలు. నాకు ఉద్యోగం మిగలాలి."

న్యాయమైన మాట అది. ఇద్దరం ప్రోగ్రాం ముందు కూర్చున్నాం.

చేసింది చెబితే ఇంతే. నంబరు కోసం ప్రతి పార్సిలూ డేటాబేసు దాకా పోనక్కర్లేకుండా, నంబర్లని పొద్దున్నే ఒక పెద్ద కట్టగా ముందే తెచ్చి గోడౌనులో ఉంచుకోవడం. పార్సిలు తయారవుతుండగానే అందులోంచి ఒకటి ఇచ్చెయ్యడం. ఏ లారీదో పార్సిలే తన మీద రాసుకుని వెళ్లేలా మార్చడం, దాంతో రెండో తిరుగుడు పోతుంది. ఆపైన ఒక్కొక్కటిగా కాకుండా పదుల కొద్దీ కట్టలు కట్టి పంపడం. పంపిన కట్టని మెమరీలోంచి దింపెయ్యడం, లేకపోతే ఫ్రేమ్‌వర్క్ ప్రతిదాన్నీ గుర్తుపెట్టుకుని మోస్తూ బరువెక్కిపోతుంది. మధ్యలో లైను తెగితే లారీ మొత్తం వెనక్కి రావాలి, సగం లోడు లోపల మిగలకూడదు. ఈ చివరిది ఆవిడ నాచేత లైను పీకించి పీకించి పరీక్షించింది. గురువారం సాయంత్రానికి ప్రోగ్రాం మార్చి పెట్టి ఇళ్లకెళ్లాం.

శుక్రవారం పొద్దున గవర్నరుపేటలో హోమం. పొగకి సర్వర్ గదిలో ఏసీ ఆపేశారు, వేడికి యంత్రం ఆగిపోతుందేమోనని నాకు భయం. అది ముగిశాక గోడౌనులో మొదటి లారీకి సేవ్ కొట్టారు. వెంటనే ప్రింటరు కదిలింది. రెండో లారీ. మూడోది. గేటు దగ్గర వరస కరిగిపోయింది. యజమాని కళ్లు చెమర్చాయి.

"చూశారా?" అన్నాడు నాతో.

"నిన్న మేం ప్రోగ్రాం మార్చామండీ. ఆ అమ్మాయి మార్చింది. అందుకే నడుస్తోంది."

"మార్చాలన్న బుద్ధి పుట్టించింది ఎవరు?"

ఇలాంటి ప్రశ్నకి జవాబుండదు. జవాబుండకూడదనే దాన్ని తయారుచేశారు. అబద్ధాన్ని ఓడించవచ్చు. మన పనినే తన రుజువుగా చేసుకునే అబద్ధాన్ని ఏం చేస్తారు? మేం బాగా పనిచేసిన ప్రతిసారీ సిద్ధాంతిగారి పేరు ఇంకాస్త పెరిగింది. ఆటోనగర్‌లో మరో నాలుగు కంపెనీలు ఆయన్ని పిలిపించుకున్నాయి.

"ఆ అమ్మాయిని పంపించక్కర్లేదు లెండి. దోషం పోయింది," అన్నాడు యజమాని. "కానీ పొద్దున్నే మొదట మెషీను ముట్టుకోవద్దని చెప్పండి. బోణీలన్నీ అయ్యాక, పది దాటాక రమ్మనండి."

ఆవిడ గుమ్మంలోనే ఉంది. విన్నది. నేను నోరు తెరిచేలోగా, "సరేనండి," అంది.

ఆ 'సరేనండి' నాకు హోమం పొగకంటే ఎక్కువ ఘాటుగా తగిలింది. టీ బడ్డీ దగ్గర ఆవిడ మీద విరుచుకుపడ్డాను. అవమానానికి తలూపడమంటే వెనక వచ్చే ఆడపిల్లలందరి మెడలూ వంచడమే అన్నాను. ఆవిడ నా ఉపన్యాసం పూర్తయ్యేదాకా టీ చల్లార్చుకుంటూ కూర్చుంది.

"పొద్దున నంబర్ల కట్ట తెచ్చే ప్రోగ్రాం ఎవరి లాగిన్‌తో నడుస్తుందో చూశారా సార్?"

చూడలేదు.

"నాది. ఆ కట్ట ముట్టుకునే అనుమతి డేటాబేసులో నా పేరుకే ఇచ్చాను. గోడౌను తలుపు తీసి మెయిన్ వెయ్యగానే అది నడుస్తుంది. ఆయన కొబ్బరికాయ చేతిలోకి తీసుకునే లోపే బోణీ అయిపోతుంది."

నవ్వొచ్చింది. ఆ వెంటనే మళ్లీ మండింది. "చాటుగా గెలవడం గెలుపు కాదమ్మా. నలుగురి ముందూ అనాలి."

"మీకు సభ కావాలి సార్. సభలో కుర్చీలేసేది, టీలందించేది ఆడవాళ్లం మేము. వేదిక మీద మా వాళ్లనెప్పుడైనా కూర్చోబెట్టారా? కూర్చోబెట్టిన రోజు అక్కడే అంటాను."

ఆ మాట మా హేతువాద సంఘం సమావేశంలో యథాతథంగా చెప్పాను. కొందరికి కోపం వచ్చింది. రావాలి.

ఏళ్లు గడిచాయి. సిద్ధాంతిగారు వస్తూ పోతూనే ఉన్నారు. లారీలు పెరిగాయి, పక్కన ఇంకో గోడౌను కట్టారు. ఆవిడ పది దాటాక వచ్చేది, అందరికంటే ఆలస్యంగా వెళ్లేది. ప్రతి ఉదయం ఆ కంపెనీలో మొదటి చెయ్యి ఆవిడదే. ఈ సంగతి తెలిసింది మా ఇద్దరికే.

నేను రిటైరయ్యే రోజు శాలువా, దండ, ఫలహారాలు ఏర్పాటు చేశారు. ముందే ఆవిణ్ణి అడిగాను. "ఈ రోజు నలుగురి ముందూ చెప్పనా? విషయం నీది. వద్దంటే చెప్పను."

"చెప్పండి. ఇప్పుడు తీసేసినా నాకు ఇంకోచోట దొరుకుతుంది. అప్పట్లో దొరికేది కాదు."

చెప్పాను. ఇన్నేళ్లుగా రోజూ పొద్దున ఈ కంపెనీకి బోణీ చేసింది ఎవరో, ఏ చేతి మీదుగా ఈ లారీలన్నీ పెరిగాయో, పేరు పెట్టి చెప్పాను. ముందు వరసలో ఉన్న యజమాని చేతిలో లడ్డూ చేతిలోనే ఉండిపోయింది.

"ఇన్నాళ్లూనా?" అన్నాడు.

"ఇన్నాళ్లూనండి. వ్యాపారం తగ్గిందా?"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరసలో ఒక డ్రైవరు మాత్రం గట్టిగా దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున నేను ఇంట్లో పేపరు చదువుతున్నాను. ఆవిడ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ముందురోజు సాయంత్రమే యజమాని నా సీట్లోకి వచ్చినాయన్ని పిలిచి, నంబర్ల కట్ట తెచ్చే ప్రోగ్రాంలో ఆవిడ పేరు తీసేసి తన అల్లుడి పేరు పెట్టమన్నాడట. ముహూర్తం దాటిపోతుందని హడావిడిగా పెట్టేశారట. పేరైతే మార్చారు, డేటాబేసులో అనుమతి ఎవరికుందో చూడలేదు. పొద్దున కట్ట తెరుచుకోలేదు. నంబరు లేనిదే పార్సిలు లేదు, పార్సిలు లేనిదే షీటు లేదు. లారీలు మళ్లీ రోడ్డు మీదకి వచ్చేశాయి.

"యజమానిగారే ఫోన్ చేశారు సార్," అంది.

"ఏమన్నాడు?"

"'తొందరగా రామ్మా, నువ్వొచ్చి చెయ్యి పెడితే గానీ కదిలేట్టు లేదు' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"పది దాటాక వస్తానండి, పొద్దున్నే నేను ముట్టుకోకూడదు కదా, అన్నాను."